సింగిల్ ఫేజ్

పేరే ఒక జోకు.
మోటరు నడువది, బల్బు మాత్రం వెలుగుతది,
అట్లాంటి కరెంటు పేరు పెట్టుకున్నరు నలుగురు.
మట్టపల్లి పాడుతడు, సక్రుది గిటారు,
రజిత బేసు, డ్రమ్ముల మీద ఇమామ్.
నాది సౌండు.
పెండ్లికి, చావుకు, ఓట్ల మీటింగుకు
ఇరవై రెండేండ్ల సంది ఇవే డబ్బాలు మోస్తున్న.
మైకుకు పక్షపాతం లేదు,
ఎవడు ఊదినా గుర్రుమంటది.

మొదటి షో మిర్యాలగూడల, మూతబడ్డ రైసుమిల్లుల.
ఇమామ్ కిక్కు డ్రమ్ము తొక్కినప్పుడల్లా
పైన రేకుల సందులకెల్లి పాత ఊక రాలేది.
మా నెత్తులు నెరిసినయి,
తుమ్ములతోటి తాళం తప్పింది.
మంది పదకొండు.
మట్టపల్లి వేళ్లు మడిచి లెక్కబెట్టి
"మీరు పదకొండు, మేం నలుగురం.
రెండు కబడ్డి టీములు, ఒక రెఫరీ.
పాటలెందుకు, దిగుర్రి" అన్నడు.
పదకొండు మంది నవ్వితే మిల్లు నిండింది.
నన్ను లెక్కబెట్టలే.
సౌండోన్ని ఎవరూ లెక్కబెట్టరు.

తర్వాత దేవరకొండ, హాలియా, నకిరేకల్.
గొంతు సవరించుకొని అంటడు:
"ఇది ప్రేమ పాట. బోరు పాట గూడ.
రెండిట్ల ఆరొందల ఫీట్లు దిగినంక
దుమ్మే వచ్చింది."
ఇంకొకటి బస్సు కండక్టరు మీద.
చిల్లర లేదని టికెటు వెనక బాకీ రాసి
మొగం తిప్పుకునే పిల్ల.
వీని స్టేజి వచ్చేసరికి ఆమె డ్యూటీ దిగిపోయింది.
ఆ పాటకు పిలగాండ్లు పాత టికెట్లు పైకెత్తి ఊపుతరు,
సెల్లు లైట్లకన్నా నాకు అదే ఇష్టం.

నల్లగొండల మూడొందల మంది.
ఫంక్షన్ హాలు. పొద్దుగాల ఎవరిదో లగ్గమైంది,
వాళ్ల పేర్లు థర్మాకోల్‌ల ఇంకా స్టేజీ మీదనే ఉన్నయి.
"కొత్త జంటకు శుభాకాంక్షలు,
మేం వాళ్ల మొదటి లొల్లి" అన్నడు.
అదొక్కటే కొత్తది.
మిగతా జోకులు వాడు నోరు తెరువకముందే
ముందు వరుస చెప్పేస్తున్నది.
కబడ్డి అనంగనే రెఫరీ అంటున్నరు.
వాడు మైకు స్టాండు పట్టుకొని నిలబడ్డడు,
తన దుకాణం ముంగటనే ఇంకొకడు
అదే సరుకు పరిచినట్టు.

అప్పుడు, రాసుకున్న కాగితంల లేని పాట తీసిండు.
సక్రు నా దిక్కు చూసిండు, నేను సక్రు దిక్కు.
మర్రిగూడ పక్కన ఊరు, వాని అక్క అంజవ్వ.
నీళ్లు తాగి తాగి ఎముకలు వంగినయి.
మెడ లేవదు.
మొగులు చూడాలంటే
తాంబాళంల అవే నీళ్లు పోసుకొని అండ్ల చూస్తది.
అంతే పాట. రెండో చరణం లేదు.

మంది నవ్విండ్రు.
ఎప్పుడూ నవ్వించే తీరుగనే కదా నిలబడ్డడు.
"తాంబాళం!" అని ఎవడో ఈల వేసిండు.
నేను గిటారు తగ్గించిన, డ్రమ్ములు తగ్గించిన,
ఎకో తీసేసిన
(ఓట్ల మీటింగుల ఎకో పెంచమంటరు, తియ్యమన్నోడు లేడు),
డబ్బాలల్ల వాని ఊపిరి ఒక్కటే మిగిల్చిన.
ముందు వరుసల నవ్వు ఆగింది, తర్వాత నడుమ,
ఆఖరుకు వెనక క్యాటరింగు పిలగాడు
గంటె కింద పెట్టిండు.

మట్టపల్లి బాటిల్ ఎత్తి చూపిచ్చి
"నీళ్లు తాగుతరా ఎవరన్న?" అన్నడు.
అది జోకో కాదో నాకు ఇప్పటికీ తెల్వదు.
రజిత ఒక్కతే నవ్వింది, కండ్లు తుడుచుకుంట.

రాత్రి ఒంటిగంటకు ట్రాలీ ఆటోల సామాను ఎక్కిస్తున్నం.
కిరాయిల ఆరొందలు తక్కువ పడ్డయి.
వాడు జేబుల దేవులాడి ఒక టికెటు తీసి
వెనక రాసిండు: బాకీ ఆరొందలు.
మడిచి మిక్సరు పెట్టెల పెట్టుకున్న.
వాచ్‌మన్ థర్మాకోల్ పేర్లు పీకుతున్నడు,
రేపు ఇంకెవరిదో లగ్గమట.

డబ్బా ఇంకా వెచ్చగున్నది.
ఎత్తి భుజాన పెట్టుకుంటే
జాలిల నుంచి మిర్యాలగూడ ఊక రాలింది.
తుమ్మిన.
"తాళం తప్పినవ్ కాకా" అన్నడు ఇమామ్.