తొడిమలు

సెవిల్ నుంచి వచ్చినావిడ
మిర్చియార్డు గేటు దాటగానే తొమ్మిదిసార్లు తుమ్మింది.
వాళ్ళూళ్ళో గంటల గోపురం ఎక్కాలంటే టిక్కెట్టట.
"ఇక్కడ తుమ్మే టిక్కెట్టమ్మా" అంది మరియరాణి
తొడిమలు తుంచుతూనే.

నిన్న అరండల్‌పేటలో
బజ్జీ చీల్చి, ఉల్లిపాయ కూరి, నిమ్మకాయ పిండిస్తే
ముక్కు తుడుచుకుంటూ ఇంకోటడిగిన మనిషే.

వాళ్ళ వీధులనిండా నారింజచెట్లట,
కాయలు చేదట,
రాలినా ఎవరూ ఏరుకోరట.
మిరపకాయ ఓడ దిగింది మొదట
వాళ్ళ ఏటిరేవులోనేనట.

నేను తెలుగు చేసి చెబితే
మరియరాణి చేటలోంచి తలెత్తింది.
"మరి దించిన హమాలీకి కూలెవరిచ్చారో
అడుగు."

అడిగాను.
ఆవిడ కాసేపు
ఎర్రటి రాశుల కేసి చూసి,
వంగి, మరియరాణి చెయ్యి
రెండు చేతుల్లోకి తీసుకుంది.

రాత్రి రైల్లో
కన్ను నలుపుకున్నప్పుడు
తెలిసుంటుంది
ఆ చెయ్యి.