నాలుగు బై పద్నాలుగు

మా ఆఫీసు బ్రాడీపేట, నాలుగు బై పద్నాలుగు.
నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు.
గుంటూరులో ఆటో ఎక్కినవాడికి
పాత్ అంటే ఏమిటో ఎవరూ నేర్పక్కర్లేదు.
మధ్యలో ఒక ఏటవాలు గీత.
గీతకి అవతల వీధి, ఇవతల గుమ్మం.

మేం రాసేది కోల్డ్ స్టోరేజీల లెక్కలు.
ఎవరి మిర్చి ఏ ఛాంబర్లో, ఏ అరలో,
అద్దెంత, దాని మీద తీసుకున్న అప్పెంత.
లక్షా పదివేల బస్తాల్లో
ఏది ఎక్కడుందో చెప్పే ప్రోగ్రాం అది.
దాని సెట్టింగుల ఫైలు ఎక్కడుందో
సోమవారం రాత్రి మాలో ఒక్కరికీ తెలీదు.

బిల్డు నాగూర్ వలి మెషీన్లో అయ్యేది.
నాలుగేళ్లు అయింది.
అవుతున్నదాన్ని ఎందుకవుతున్నావని ఎవరడుగుతారు?
శుక్రవారం అతను చివరి టీ తాగి,
చీరాలలో మామగారి బట్టలకొట్టు చూసుకోడానికి వెళ్తూ
మెషీన్ శుభ్రంగా తుడిచి ఇచ్చాడు.
పైపైన కాదు, లోపల కూడా.

తొమ్మిదింటికి తెర మీద ఎర్ర అక్షరాలు.
వెతికిన చోటు: హోమ్, దాని కింద నాగూర్,
దాని కింద చుక్క పెట్టుకున్న ఒక పేరు.
ముందు చుక్క ఉంటే ఫైలు కంటికి ఆనదు.
దిష్టి తగలకుండా పెట్టిన చుక్కేమో,
నిజంగానే నాలుగేళ్లు ఎవరి కన్నూ పడలేదు.

అక్కణ్నుంచి తగువు.
ప్రాజెక్టు గుమ్మంలోనే పెడదాం అంది కెజియా.
గుమ్మంలో ఇప్పటికే పదిహేడు ఫైళ్లు,
పేరంటానికొచ్చినవాళ్ల చెప్పుల్లా,
లోపలికెళ్లాలంటే దాటుకుంటూ పోవాలి.
ఓ ఫోల్డరు కట్టి అందులో పెడదాం అన్నాడు పిచ్చేశ్వర్రావు.
ఆ ఫోల్డరెక్కడో బిల్డుకి చెప్పడానికి ఇంకో ఫైలు కావాలి.
మరి అదెక్కడ?
ఏ మాడ్యూలుది దానికే ఇచ్చేద్దాం అన్నాన్నేను.
పదకొండు గదుల్లో పదకొండు ఉప్పు డబ్బాలు,
ఏదో ఒకదాంట్లో పంచదార ఉంటుంది, అంది కెజియా.
ఆ పిల్లకి ఆకలేస్తే మాట పదునెక్కుతుంది.

పదకొండింటికి ఏటుకూరు రోడ్డు నుంచి యేసుపాదం ఫోను.
"ఐదింటికి లారీలండీ. బిల్లులు రాకపోతే హమాలీలు కూర్చోరు."
ఏమైందని అడిగితే చెప్పాను.
ఆయన కాసేపు దగ్గాడు. ఘాటు వైర్లో కూడా వస్తుందనిపించింది.
"మేం మార్కా బస్తా మీదే కొడతామమ్మా.
రిజిస్టరు తడిసిపోనీ, గుమాస్తా మానేయనీ,
బస్తా ఏ గోడౌనుకెళ్లినా తన ఊరూ పేరూ తను చెప్పుకుంటుంది."
పెట్టేయబోతూ ఆగాడు.
"అట్టాగని బీరువా తాళం తీసుకెళ్లి బస్తాకి కట్టం."

వలికి ఫోను చేశాం.
నిద్రమత్తులో పద్దెనిమిది లైన్లు అప్పజెప్పాడు,
ఎక్కాల పుస్తకంలా, ఆగకుండా.
పంతొమ్మిదోది గుర్తు రాలేదు.
అవతల పిల్ల ఏడుస్తోంది, అతను జోకొడుతూ ఆలోచిస్తున్నాడు.
"ఏదో సున్నా ఉండాలండీ, సున్నానో ఒకటో."
సున్నా పెట్టాం. కాదు.
ఒకటి పెట్టాం.

మూడూ నలభైకి బిల్డు అయింది.
ఆ ఫైలిప్పుడు గుమ్మంలో ఉంది, పద్దెనిమిదో జత.
కోడుతోపాటే వెళ్తుంది, కోడుతోపాటే వస్తుంది.
పాస్‌వర్డు ఉండాల్సిన చోట ఖాళీ వదిలాం,
ఎవరి మెషీన్లో వాళ్లు నింపుకుంటారు.

మొదటి లైనులో కామెంటు మొదలుపెట్టాను:
ఈ ఫైలు ఇక్కడే ఎందుకుండాలంటే.
నిద్ర కళ్లకి ఆ పైన వాక్యం సాగలేదు.
యేసుపాదాన్ని అడగండి అని టైపు చేసి
సేవ్ చేసి లైట్లు ఆర్పాను.

కింద టీ బండి దగ్గర గుర్తొచ్చింది.
ఆయన నంబరు అందులో రాయలేదు.
అది నా ఫోన్లో తప్ప ఎక్కడా లేదు.