స్టార్టింగ్ కరెంటు

కేబినెట్‌కు ఒక పక్క మూత లేదు.
షార్జా రోలాల, పాత సామాను కొట్టుల గుల్‌జమాన్
మదర్‌బోర్డు చేతిల పెట్టి
మూత వచ్చే వారం అన్నడు.
ఆ వారం ఇంకా రాలే.

ప్రాసెసర్ ఎవరో ఆఫీసు ఎత్తేసి పోతే వచ్చింది.
ర్యాములు రెండు, రెండు కంపెనీలవి.
పవర్ సప్లై కొత్తదే, ఆ పేరు మాత్రం ఎన్నడూ వినలే.
మూడు నెలల ఓవర్‌టైం
మంచం కింద గుయ్యిమంటది.

నీలం తెర మొదటిసారి వచ్చిన రాత్రి
డక్టు డ్రాయింగ్ నేర్చుకుంటున్న.
లేబర్ కార్డు మీద ఏసీ మెకానిక్ అని ఉంటది,
ఆ అక్షరాలు ఒక్కసారి మార్చాలని.
మూడో అంతస్తు సగంల ఉండంగ
తెరంత నీలం, ఒక ఏడుపు మొఖం,
కింద సున్నాలతోని ఏదో నంబరు.
పై మంచం మీంచి లింబాద్రి తొంగిచూసి
"దిష్టి. నిమ్మకాయ కట్టు" అన్నడు.
నిమ్మకాయ దొరికింది,
కట్టే జాగ దొరకలే.

రాత్రంత ర్యాముకు పరీక్ష పెట్టి పండుకున్న.
ఫజర్ బాంగుకు లేచి చూస్తే
ఎర్రగ పదకొండు తప్పులు.
ఒక్కొక్కటి తీసి చూస్తే ఎడమ దిక్కుదే దొంగ.
టిష్యూల చుట్టి బియ్యం డబ్బా మీద పెట్టిన.
పారెయ్య బుద్ధి కాలే.

ఇగ అయిపోయిందనుకున్న.

నాలుగు రోజులు.
అయిదో రోజు నీలం కూడ లేదు,
టప్ మని నలుపు.
మళ్ల దానంతట అదే లేచి కూసుంటది,
ఏం ఎరుగని పిల్లగానోలె.

పేస్టు గీకి కొత్తది పూసిన.
ఫ్యాను రెక్కలల్ల ఇసుక, బ్రష్షుతోని దులిపిన.
విండోస్ మళ్ల ఎక్కించిన, రెండుసార్లు.
అన్ని విప్పి పేపరు మీద పరిచి
స్క్రూలు లెక్కపెట్టుకుంట మళ్ల బిగించిన.
ఒకటి మిగిలింది. ఎక్కడిదో ఇప్పటికీ తెల్వదు.

ఆఖరికి నోటుబుక్కు పెట్టిన.
తొమ్మిది నలభై. పది పన్నెండు. పదకొండు అయిదు.
శుక్రవారం మిట్ట మధ్యాహ్నం, నిప్పులు కురిసే ఆగస్టుల,
ఒక్కసారి కూడ పోలే.
ఎండల సక్కగ నడుస్తది, సల్లబడితే పడిపోతది.
ఇదేం యంత్రమని రెండు రాత్రులు నెత్తి గోక్కున్న.

మూడో రాత్రి తెర దిక్కు చూడలే.
కండ్లు మూసుకొని విన్న.

కిటికీల ఏసీ ఆగింది. కొంచెం సేపు ఏం లేదు.
మళ్ల గుర్ర్ మని ఎత్తుకున్నది,
ఎత్తుకోలేక మూల్గింది,
ట్యూబులైటు ఒక్కసారి కన్ను కొట్టింది,
టప్.

పదకొండేండ్లు.
అల్ ఖాన్ విల్లాలల్ల, బుహైరా ఫ్లాట్లల్ల
తలుపు తీయకముందే చప్పుడు విని
కెపాసిటర్ పోయిందని చెప్పేటోన్ని.
నా మంచానికి నాలుగడుగుల దూరంల
అదే చప్పుడు ఎన్ని ఎండాకాలాల నుంచో.
మధ్యాహ్నం అది ఆగనే ఆగదు,
ఆగితే కద మళ్ల ఎత్తుకునుడు.

నేపాలి ఖడ్గ టార్చి పట్టిండు.
సాకెట్ల మీటరు పెడితే రెండు వందల ముప్పై,
కంప్రెసర్ లేవంగనే నూట డెబ్బైకి జారింది.
కెపాసిటర్ మీద ముప్పై అయిదు అని రాసి ఉన్నది,
లోపల మిగిలింది ఇరవై ఒకటి.

విల్లాల తీసేసిన పాతదొకటి బ్యాగుల ఉండె.
ముప్పై మూడు చూపెట్టింది. సాలు.
ఆ రాత్రి ఎనిమిది మంది దుప్పట్లు ఎతుక్కున్నరు.
రూం కోసం ఎంత కష్టపడ్డవని
లింబాద్రి చాయ్ పోసిండు.
కాదని చెప్పలే. తాగిన.

పన్నెండు రోజులు నోటుబుక్కు ఖాళీ.
మూడో అంతస్తు అయిపోయింది, నాలుగోది మొదలైంది.

నిన్న, ఏసీ నిమ్మళంగ నడుస్తుండంగనే,
టప్.

"మల్లనా?" అన్నడు పై నుంచి.
"మల్ల."

ఎనిమిది యాభై మూడు అని రాసిన.
పక్కన ఆ మిగిలిన స్క్రూ బొమ్మ గీసి
దానికి ఒక ప్రశ్న పెట్టిన.