కారణం గడి లేని కాగితం

డిసెంబరు పదిహేడు లోపల
పై సంవత్సరమంతా తేలిపోవాలి.
కొత్త ఏడుకు రెండు వారాల ముందే
డైరెక్టరు సంతకం పడాలని చట్టం.

నా పేరు ఫైనా.
కోత్లాస్ రొట్టెల ఫ్యాక్టరీ, రెండో అంతస్తు,
రేడియేటరు పక్క బల్ల నాది.
గోడవతల కాలే రై రొట్టెల పుల్లటి వాసన
పందొమ్మిదేళ్లుగా నా స్వెటర్లను వదల్లేదు.

అరవై మూడు పేర్లు, పన్నెండు నెలలు.
ముందు పెన్సిలుతోనే.
రబ్బరు పొట్టు ఊదుకుంటూ
మనుషుల జూలైలను అటూ ఇటూ జరుపుతుంటాను.

తలా ఇరవై ఎనిమిది రోజులు.
ముక్కలు చేసుకోవచ్చు,
ఒక ముక్క మాత్రం పద్నాలుగుకు తగ్గకూడదు.
ఎవరు రాశారో గానీ, అలసట ఎరిగిన మనిషే:
మొదటి వారం ఒళ్లు నిద్రపోతుంది,
రెండో వారానికి గానీ మనిషి లేవడు.

పండగ మధ్యలో పడితే లెక్కలోకి రాదు.
డబ్బు మూడు రోజుల ముందే చేతిలో పడాలి.
ప్యాకింగులో ఉల్యానాకు ఇంకా పద్దెనిమిది నిండలేదు,
తను ఏ నెలంటే ఆ నెల.
కపితోలీనాకు ముగ్గురు పిల్లలు,
ఆమె అడిగితే నా పెన్సిలు కాదనలేదు.
మిగతా అందరూ
ఒక్క వేసవి మీదే ఎగబడతారు.
మా ఉత్తరాన వేసవి అంటే
తలుపు తీసి మళ్లీ వేసేంత.

ప్రోఖర్ సవేల్యెవిచ్ ఏనాడూ ఎగబడలేదు.
నాలుగో పొయ్యి ఆయనది.
"అందరూ తిన్నాక అడుగున ఏం మిగిలితే అది పెట్టు" అనేవాడు.
నవంబరు పెట్టేదాన్ని.
నది పూర్తిగా పారదు, పూర్తిగా గడ్డకట్టదు,
పడవ ఆగిపోతుంది, మంచు మీద బాట ఇంకా పడదు.
అలాంటి నెల.
ఒక ఏడు అదీ వదిలేశాడు.
వరసగా రెండేళ్లు వదిలితే తప్పు ఫ్యాక్టరీది,
అందుకని మరుసటేడు మెడబట్టి పంపించాను.
గేటు ఎదుట బెంచీ మీద కూర్చుని
మా పొగగొట్టాన్నే చూస్తూ గడిపాడట.

ఈసారి తనే కాగితం తెచ్చాడు.
మడత మీద పిండి మరక.
జూన్ పద్నాలుగు నుంచి. పద్నాలుగు రోజులు.
అంతే.

ఆ తేదీల మీద అప్పటికే గ్లేబ్ ఉన్నాడు,
భార్య, బావమరిది, సముద్రం టికెట్ల ఆశ.
ఫోర్‌మన్ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు:
"ముసలాయనకు జూన్‌లో ఏం పని? అడుగు."

కాగితమంతా వెతికాను.
పేరుకో గడి, పనికో గడి, నంబరుకో గడి,
రోజులెన్నో, ఎప్పటి నుంచో,
వాయిదా పడితే ఎందుకు పడిందో కూడా రాయాలి.
వెళ్లేది ఎందుకో రాసే గడి లేదు.
మరిచిపోయారో,
మర్యాద తెలిసి వదిలేశారో.

నేనూ అడగలేదు.
గ్లేబ్‌ను ఆగస్టులోకి జరిపాను.
మార్చి దాకా నాతో మాట్లాడలేదు.

మే ముప్పైన నోటీసు పట్టుకుని కిందికి దిగాను,
రెండు వారాల ముందు సంతకం చేయించాలి కదా.
చేతులు ఆప్రాన్‌కు తుడుచుకుని
ఇంటిపేరంతా రాశాడు,
ఒక్క అక్షరం మింగకుండా.

ఇరవై ఎనిమిదిన వచ్చాడు.
మెడ వెనక ఎర్రగా కమిలింది.
గోళ్ల కింద నీలం రంగు.
పిండి ముట్టుకోనివ్వక ఫోర్‌మన్
అరగంటసేపు బ్రష్షుతో తోమించాడు, అయినా పోలేదు.
పడవకు వేశాడో, కిటికీకి వేశాడో,
ఏ సమాధి చుట్టూ కంచెకు వేశాడో.
క్యాంటీనులో తలా ఒక మాట అన్నారు.
ఆయన టీలో చక్కెర కలుపుకున్నాడు.

లెజ్జరు తెరిచి పద్నాలుగు కొట్టేశాను.
పాత బాకీతో కలిపి ఇంకా మిగిలినవి
నలభై ఆరు రోజులు, పాయింటు ముప్పై మూడు.
ఆ ముప్పై మూడు ఎప్పుడూ నన్ను నవ్విస్తుంది,
రోజులో మూడో వంతును ఎవరేం చేసుకుంటారని.
ఇవాళ లెక్క వేసి చూశాను:
ఎనిమిది గంటలు.
ఒక కిటికీకి రెండు పూతలు వేయొచ్చు,
మధ్యలో ఆరనిచ్చి.