కన్ను ఉన్న ముక్క

తొకాచి మైదానం మీద మొదటి మంచు రాలకముందే
ట్రక్కులు వచ్చేస్తాయి.
ఒక్కో ఇనుప పెట్టెలో టన్నున్నర బంగాళాదుంపలు,
ఒంటి మీద మట్టి ఇంకా ఆరలేదు.
కాంక్రీటు గోడల వెనక్కి
గానుగెద్దుల్లా వరసగా వెళ్తాయి.
కోబాల్టు చుట్టూ తిరిగి
సగం దారిలో రెండో చెంప చూపించి
బయటికొస్తాయి.
వేడెక్కవు. రంగు మారవు.
చెయ్యి పెడితే నేలలోని చలే.

నేను మీట నొక్కుతాను, గంట చూస్తాను, లెక్క రాస్తాను.
ఉద్యోగంలో చేరిన రాత్రి
మా ఆవిడ చిజురు దీపం ఆర్పి చూసింది,
నేను వెలుగుతానేమోనని.
చీకట్లో ఇద్దరం నవ్వుకున్నాం.
ఆమె నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది.

అమ్మ నవ్వలేదు.
యుద్ధం ఓడిన మరుసటి వసంతానికి ఆమెకి ఎనిమిదేళ్లు.
విత్తనానికి దాచిన దుంపల్ని వాళ్ళ నాన్న కోస్తుంటే
పక్కన కూచుని కుప్పలు పెట్టేదట:
కన్ను ఉన్న ముక్క నేలకి,
కన్ను లేని ముక్క నోటికి.
ఒక పూట ఆకలికి తాళలేక
నేల వాటాలోంచి ఒకటి మింగేసిందట.
ఆ ఏడు సాలులో ఒకచోట జానెడు ఖాళీ.
ఎవరూ గమనించలేదు.
అది ఎక్కడో ఆమె ఇప్పటికీ వేలు పెట్టి చూపించగలదు.

మార్చిలో నేను తెచ్చిన సంచి విప్పింది.
మొలక గిల్లడానికి అలవాటుగా వెళ్ళిన కత్తిమొన
గాలిలో ఆగిపోయింది.
"కన్ను ఉంది. రెప్ప తియ్యదేం?"
మొలక రాకుండా కిరణాలు తగిలించామమ్మా,
చీటీ మీద రాసే ఉంది, చూడు.
"చచ్చిందా?"
లేదు.
"బతికుందా?"
నా దగ్గర మోతాదు పట్టీ ఉంది,
తేదీ ఉంది, ఇద్దరు అధికారుల సంతకాలున్నాయి.
ఆ ప్రశ్నకి మాత్రం గడి లేదు.

చెప్పకుండా ఒక దుంపని
పాత మిసో కుండలో మట్టి పోసి పాతిపెట్టింది.
రోజూ పొద్దున్నే టీ కంటే ముందు
కుండ దగ్గరికి.
పైకప్పు మీంచి మంచు దబ్బున జారిపడింది.
కరిగిన నీళ్ళు కాలవ దాటి రోడ్డెక్కాయి.
పక్కింటి కురిహారా గారి ట్రాక్టరు
రెండుసార్లు చెడిపోయి, బాగుపడింది.
కుండలో మట్టి మట్టిలాగే ఉంది.

మే నెలలో, ఊరంతా విత్తనం వేస్తున్న రోజు,
దాన్ని తవ్వి తీసింది.
కాస్త ముడత పడింది, అంతే.
కడిగి, ఉడకబెట్టి,
ఏ సగంలో కన్ను ఉందో చూడకుండా కోసి
ఒక ముక్క నా పళ్ళెంలో పెట్టింది.

ఉప్పు సరిపోయిందా, అని అడిగింది.