ముప్పైఒక్క చుట్లు

నలుగురం. లైబ్రరీలో రికార్డు ఒక్కటే.
వారానికొక ఇల్లు చొప్పున తిరిగేది అది,
చలికోటు లోపల, పొట్టకు ఆనుకుని,
పసిగుడ్డును తీసుకెళ్లినట్టు
ఔరా నది వంతెన మీదుగా.

నెలాఖరు గురువారం కలిసేవాళ్లం,
తౌనో బూట్లు బాగుచేసే కొట్టు వెనకగదిలో.
జిగురు వాసన, ఏలకుల బన్ను, మరీ చిక్కటి కాఫీ.
అక్కడ సంగీతం పెట్టకూడదు. విన్నది చెప్పాలి, అంతే.
చెప్పలేకపోతే విననట్టే, అనేది హెల్కా.
ముప్పైయేళ్లు పిల్లలకు స్వరాలు నేర్పిన మనిషి,
కెటిల్ కూత ఏ శ్రుతిలో ఉందో కూడా చెప్పేస్తుంది.

తౌనోకి ప్రతి వాయిద్యమూ తోలే:
"ఈ వయొలిన్ ఇంకా మెత్తబడలేదు,
తొడుక్కుని ఓ ఏడాది నడవాలి."
నేనేమో ఓడ టికెట్ల కౌంటర్లో కూర్చున్నదాన్ని,
ఎవరెక్కారు, ఎవరు దిగారు, అదే పట్టుకునేదాన్ని.
ఇదిగో, ఇక్కడ బాసూన్ వచ్చింది.
వెళ్లడం మాత్రం నేను చూడలేదు.

ఆఖర్న ఎన్సియో.
టగ్గు పడవల మెకానిక్. పింఛను వచ్చినా
గోళ్లలో నలుపు పోలేదు.
నోరు విప్పే ముందు కప్పును సాసర్లో ఒక చుట్టు తిప్పేవాడు.
"ఈయనకు తొందర లేదు" అనేవాడు. ప్రతిసారీ అదే మాట.
ఏ దేశపు బృందమైనా, ఎవరి చేతి కర్ర ఆడినా,
ఎన్సియోకి మాత్రం తొందర లేని మనుషులే.
"నది గడ్డకట్టాక అడుగున నీళ్లు కదుల్తాయే,
అలా నడిచింది రెండో భాగం.
ఇక ఆ ఓబో...
ఓడ దిగి, తనకోసం ఎవరైనా వచ్చారో లేదోనని
పెట్టె కింద పెట్టకుండా నిలబడ్డ మనిషి."

హెల్కాకి ఒళ్లు మండేది.
"నిలబడిందా? ఎక్కడ నిలబడింది?
మూడు ఆవర్తాల్లో ముగించి చక్కా పోయిందది!"
"లేదు. నిలబడింది."
"నీవి చెవులా, పొగగొట్టాలా?"
పదకొండేళ్లు ఇదే పేచీ.
మధ్యలో నేను బన్ను తుంచి పంచేదాన్ని.

మార్చిలో పోయాడు ఎన్సియో, మంచు కరగకముందే.
మేనల్లుడెవరో ఫోన్ చేశాడు,
రికార్డ్ ప్లేయరు మీకిమ్మన్నాడని.
తౌనో అట్టపెట్టెలో మోసుకొచ్చి
బూట్ల అచ్చులు పక్కకు జరిపి బల్లమీద పెట్టాడు.
ఆ ఒక్కరోజు నియమం తప్పాం.
ఓబో పేచీ రికార్డే తెచ్చాన్నేను.

సూది వాలింది.
మొదటి స్వరానికే హెల్కా మొహం మారింది.
"అరస్వరం కిందుంది," అంది,
ఎవరికో జ్వరమని చెప్పినంత మెల్లగా.
తౌనో పళ్లెం అంచున కాగితం ముక్క అంటించి
గోడగడియారం వైపు చూస్తూ లెక్కపెట్టాడు.
ముప్పైమూడు తిరగాల్సిన చోట
ముప్పైఒకటి.
రబ్బరు బెల్టు సాగిపోయింది. ఎన్నేళ్ల నుంచో.

పడవ ఇంజను జబ్బు రేవులో నిలబడి వినే పట్టేసేవాడు,
ఇంట్లో ఇది వినలేదా?
పెట్టె అడుగున, వైర్ల కింద,
కొత్త బెల్టు కనిపించింది. కవరు చింపలేదు.
రసీదు మీద తొమ్మిదేళ్ల కిందటి తేదీ.

ఎవరం మాట్లాడలేదు.
రెండో భాగం ఆ పాటికి సగమైంది,
గడ్డకట్టిన నీళ్ల అడుగున.
ఓబో వచ్చింది.
అటు చూసింది. ఇటు చూసింది.
పెట్టె కింద పెట్టలేదు.

"మూడు ఆవర్తాలే," అంది హెల్కా, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ.
"మూడే. నేను లెక్కపెట్టాను."

ఇప్పుడు రికార్డు వెనకే ఆ ప్లేయరు కూడా ఇల్లిల్లూ తిరుగుతోంది.
మాది ముందు చెప్పి, తర్వాత అతనిది చెప్తాం.
కొత్త బెల్టు తౌనో సొరుగులో, లేసుల పక్కన.

ఈ వారం హెల్కా వంతు.
నిన్న రాత్రి ఫోన్ చేసింది:
ఆ శ్రుతి భరించలేకపోతున్నాను, తల పగిలిపోతోంది,
ఆ మొండివాడు ఎలా బతికాడో దీంతో, అని
పావుగంట తిట్టిపోసింది.
తర్వాత కాసేపు ఊరుకుని,
"ఇంకో వారం ఉంచుకోనా?" అంది.