గోరంత సందు

డిసెంబర్లో క్లాక్స్‌విక్ రేవుకి
తొమ్మిదైనా తెల్లవారదు.
షెడ్డు తలుపు నెడితే
ఉప్పు, గ్రీజు, చలికి బిగుసుకున్న ఇనుము వాసన.
పైన దూలం మీద హాయిస్టు,
దాని పొట్ట మీద తెల్ల రంగుతో: మూడు టన్నులు.
"అది సలహా కాదు రన్వా,"
మొదటిరోజే చెప్పింది సున్నెవా, "హద్దు."

బటన్ల పెట్టె అందుకునే ముందు
పాత దిండు గలీబు చించిన పేలిక తీస్తుంది.
తాడు ఆగి ఉన్నప్పుడే, చేతికి తోలు తొడుగుతో
బారెడు మేర తుడుస్తుంది,
పురి వెంబడి, నెమ్మదిగా,
దొంగ జేబులు తడిమినట్టు.
చెయ్యి తీసేశాకే బటన్ నొక్కి
ఇంకో బారెడు దించుతుంది.
ఆపుతుంది. తుడుస్తుంది.
ఏ పేటలోనైనా పోగు తెగి ముల్లులా లేచి ఉంటే
పేలిక దారం అక్కడ చిక్కుకుంటుంది.
కంటికి ఆననిది గుడ్డకి తెలుస్తుంది.
అలా చిక్కిన దారాలన్నీ
ఒక బిస్కట్ల డబ్బాలో దాచింది.
ఒక్కో దారం, పని మాన్పించిన ఒక్కో తాడు.

తర్వాత ఖాళీ కొక్కేన్ని మెల్లగా పైకంటా పంపి
లిమిట్ స్విచ్ దగ్గర ఆగుతుందో లేదో చూస్తుంది.
"నిన్న ఆగింది కదా," అన్నాను.
"నిన్న నువ్వు టైముకి వచ్చావు కదా," అంది.

ఆ రోజు హోగ్ని పడవకి గేరు పెట్టె ఎక్కించాలి.
సాయంత్రం పోటుకి సముద్రంలో ఉండాలి అతను.
పండగలోపు ఆఖరి వేట, ఐదుగురి కూలి.
పెట్టె, దూలానికి నాలుగు అడుగులు పక్కగా ఉంది.
"వాలుగా లాగు, అదే వస్తుంది," అన్నాడు.
సున్నెవా జవాబు చెప్పలేదు.
రోలర్లు తెమ్మంది నన్ను.
ఇరవై నిమిషాలు నెట్టాం, చెమటతో, తిట్లతో,
కొక్కెం నిట్టనిలువుగా పెట్టె నడినెత్తి మీదికి వచ్చేదాకా.
కొక్కెం నాలుక మూసుకుందా, చూసింది.
డ్రమ్ము మీద చుట్లు ఒకదాన్నొకటి తొక్కలేదు కదా, చూసింది.
హోగ్ని మాత్రం గడియారం చూశాడు.

బెత్తెడు ఎత్తి, ఆపింది.
పెట్టె అడుగంచుకి సరిగ్గా
పక్క స్తంభం మీద సుద్దతో గీత గీయమంది.
గీశాను.
ఇంక ఏమీ చెయ్యలేదు మేము.
ఏమీ చెయ్యకపోవడం ఇంత పనా అనిపించింది.
రేకుల మీద వడగళ్ళు.
హోగ్ని ఓపిక తెగి, పెట్టెని పడవ వైపు తిప్పుదామని
దాని కిందికే బూటు పెట్టబోయాడు.
"కాలు!"
ఆమె గొంతు అంత పెద్దదని నాకప్పటిదాకా తెలీదు.
అతను వెనక్కి జరిగాడు.

అప్పుడు చూశాను.
అడుగంచు గీత దగ్గర లేదు.
గోరంత కిందికి దిగింది,
ఎవరూ బటన్ నొక్కకుండానే.
బ్రేకు పట్టు జారుతోంది.

మెల్లగా, పూర్తిగా, నేల మీదికి దించింది.
మెయిన్ స్విచ్ కట్టేసి తాళం వేసి,
తన పేరున్న చీటీ వేలాడదీసి,
తాళంచెవి జేబులో వేసుకుంది.
హోగ్ని అరిచాడు, ఆమె తల్లిని, షెడ్డుని, చంద్రుణ్ణి,
పోటు ఎప్పుడు రావాలో నిర్ణయించిన ప్రతిదాన్నీ తిట్టాడు.
ఆమె ఫ్లాస్కు మూత తిప్పి
మూడు కప్పుల్లో కాఫీ పోసింది.
ఒకటి చల్లారిపోయింది.

పోటు వచ్చి వెళ్ళింది, పడవ కట్టుగుంజకే ఉంది.
ఐదుగురి కూలి పోయింది, నిజమే.
దాన్ని లెక్కపెట్టొచ్చు.
జరగనిదాన్ని ఎలా లెక్కపెట్టను?
దానికి దారం కూడా మిగల్లేదు డబ్బాలో వెయ్యడానికి.

స్తంభం మీద నేను రెండో గీత కూడా గీశాను,
పెట్టె జారి ఆగిన చోట.
రెండింటి మధ్య సందు గోరంత.
దగ్గరికెళ్ళి చూస్తే
అందులో హోగ్ని రెండు పాదాలూ పడతాయి.

మర్నాడు పొద్దున
ఆ పాదాల్లో ఒకదానితోనే
షెడ్డు తలుపు ధన్‌మని తన్ని లోపలికొచ్చాడు,
బ్రేకు బాగైందా లేదా అంటూ,
ఇంకా కోపంగానే.